విషానికి 'మందు' అని పేరా?



ఛందస్సు, వ్యాకరణం అంటూ కాలక్షేపం చేసే ఈ పంతులు ఇవాళ కందుల బస్తా విప్పాడేమిటని ఆశ్చర్యపోకండి. ఇదీ భాషకు సంబంధించిన విషయమే. అంతకంటె ముందు ప్రాణానికి సంబంధించిన విషయం.

మాది పరిగి. మా పొరుగున ఉన్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని ఆ కందులు ఇల్లు చేరాక వాటి గతి చూస్తే ఆ సంతోషం నిలవదు. ఏడాది గ్రాసానికని బస్తాలు తెచ్చి వెనుకగదిలో పేరుస్తారు. అంగడి నుంచి నాలుగు గోలీలు తెచ్చి, గుడ్డలో మూటగట్టి, గింజల నడుమ దోపుతారు. ఏమిటివి అని అడిగితే "పురుగు పట్టకుండా మందు గోలీలు సార్" అంటారు.

ఇక్కడే నా అభ్యంతరం. జ్వరం మందు జ్వరాన్ని పోగొట్టినట్లే పురుగుల మందు పురుగులను పోగొడుతుంది, సమాసంలో దోషం లేదు అని మీరు వాదించవచ్చు. కాని 'మందు' అనగానే మనసులో మెదిలేది రక్షణ. 'గోలీ' అంటే తలనొప్పికి మింగేది, లేదా పిల్లలు ఆడుకునేది. ఈ రెండు మాటలూ కలిసి భయాన్ని చంపివేశాయి. భయం చచ్చిన ఇంట మనుషులకు ముప్పు.

ఆ గోలీ పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ, గింజలోని తేమ తగిలితే అది ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. ఆ వాయువుకు గోనె అడ్డు కాదు, తలుపు సందు చాలు. దానికి ప్రత్యేకమైన విరుగుడు నేటికీ లేదు. అందుకే ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన కీటకనివారణ సంస్థలు మాత్రమే నిపుణుల పర్యవేక్షణలో వాడాలని నియమం. 10, 20 గోలీలు పట్టే గొట్టాలను 2001లోనే పూర్తిగా నిషేధించారు. అయినా కాగితంలో చుట్టి విడిగా అమ్మే అంగళ్లు ఉన్నాయి, అడిగి కొనే మనమూ ఉన్నాం.

"గోదాములలో వాడటం లేదా?" అంటారు. వాడతారు. అక్కడ వాయువు చొరని పట్టాలు కప్పి, అంచులు మూసి, రోజుల తరబడి ఎవరినీ రానీయరు. మన వెనుకగదిలో వాయువు నిలవదు కనుక పురుగు గుడ్లు బ్రతికిపోతాయి. పక్కగదిలో పడుకున్న పసిపిల్లలకే ఆపద. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

బియ్యంలో బోరిక్ పౌడరు కలిపే గృహిణులకూ ఇదే మనవి. అది క్యారమ్ బల్ల మీద చల్లుకోదగినది, తిండిగింజలలో కలపదగినది కాదు.

అలాగని "పూర్వులకు గుప్పెడు వేపాకు చాలింది" అనే వారి పక్షమూ నేను వహించను. కందులకు పట్టే పప్పుపురుగు పొలంలోనే, కాయ మీదనే గుడ్లు పెట్టి బస్తాతోపాటు ఇంటికి వస్తుంది. తడి ఆరని గింజలో వేపాకు వేసి వేదంలో చెప్పారంటే అది వినదు. పూర్వులు నమ్ముకున్నది ముందుగా ఎండను, తరువాత గాలి చొరనీయని మూతను.

ఎండ అంటే నామమాత్రపు ఎండ కాదు. గింజలను పలుచగా పరచి, తిరగవేస్తూ, పంట కింద పెడితే కటుక్కుమనే దాకా ఆరబెట్టాలి. ఆపైన నీడలో చల్లారనివ్వాలి. వేడి మీదనే మూత పెడితే లోపల చెమ్మ పుడుతుంది. పాతగింజను కొత్తగింజలో కలపరాదు. బస్తాను నేలకూ గోడకూ తగలనీయక చెక్కల మీద నిలపాలి. తినే కందులను త్వరగా పప్పు పట్టించుకోవడం మేలు, పప్పుపురుగుకు గుడ్లు పెట్టడానికి గుండుగింజే అనుకూలం. గింజలుగానే ఉంచుకోవాలంటే కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె చొప్పున పట్టించండి. నూనెపొరలో గుడ్డుకు ఊపిరాడదు. పప్పుకు ఆముదం పట్టించిన అమ్మమ్మలకు ఆ శాస్త్రం పేరు తెలియదు, ఫలితం తెలుసు.

మూత సంగతికి మన జొన్న పాతరే సాక్ష్యం. భూమిలో గొయ్యి తీసి, ధాన్యం నింపి, పైన మట్టి మెత్తేవారు. లోపలి ప్రాణవాయువు తరిగిపోయి పురుగు చచ్చేది. పాతర తెరిచిన వెంటనే దిగకూడదనే కట్టడి అందుకే. నేటి మూడుపొరల సంచిదీ అదే సూత్రం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు ఆఫ్రికా రైతుల అలసందల కోసం రూపొందించిన ఆ సంచిని, మన పటాన్‌చెరువు ఇక్రిశాట్ పరిశోధకులు కందుల విత్తనాల మీద కూడా పరీక్షించి మంచి ఫలితం చూశారు. అది దొరకకపోతే, బిగువైన మూత ఉన్న డబ్బాను అంచుదాకా నింపండి. ఖాళీ మిగిలితే పురుగుకు ఊపిరి మిగిలినట్లే.

ఇంత మార్గం ఉండగా విషాన్ని ఇంటికి తెచ్చి దానికి 'మందు' అని ముద్దుపేరు పెట్టడం భాషాద్రోహం, ప్రాణద్రోహం కూడా. ఇకమీదట అంగట్లో 'మందు గోలీ' అనకండి, 'విషపు బిళ్ల' అని అడిగి చూడండి. ఆ మాట నోట రావడానికే జంకితే, వస్తువును ఇంటికి తేవడానికి ఎంత జంకాలి?

గాదె, గుమ్మి, గరిసె, పాతర, కాగు. ధాన్యం దాచడానికి మన భాషలో ఇన్ని మాటలున్నాయి. మీ ప్రాంతపు మాటనూ, పద్ధతినీ తప్పక తెలియజేయండి. నాతో విభేదించేవారు కూడా నిస్సంకోచంగా వ్రాయండి.

స్వస్తి.