మోటారు పెట్టండి, చేతిపంపు పీకకండి

మన క్లబ్ తరఫున మాండలిక పదకోశం ఒకటి వెబ్‌లో పెడదామన్న ఆలోచన మీ అందరికీ తెలిసిందే. ఎవరి ఊరి మాటలు వాళ్లు చేరుస్తారు, పక్క జిల్లావాళ్లు అక్కడికక్కడే చూసి దిద్దుతారు. గూగుల్ డాక్స్‌లో లాగా ఒకరు టైప్ చేస్తుంటే ఇంకొకరి తెర మీద అక్షరాలు కదలాలి. ఇంతవరకూ అందరిదీ ఒకే మాట. గొడవంతా ఒక్క ప్రశ్న దగ్గరే వచ్చింది. పాత బ్రౌజర్లలో ఇది పనిచెయ్యాలా, అక్కర్లేదా?

"ఈ రోజుల్లో పాత బ్రౌజర్ ఎవరు వాడతారు బ్రో? 'మీ బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి' అని ఒక బోర్డు పెట్టేస్తే సరిపోతుంది" అని ఎక్కువమంది అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

మాది వజ్రకరూరు. మా ఊరి పేరు పేపర్లో కనిపించేది ఎక్కువగా తొలకరి పడ్డాకే. ఇక్కడి నేలలో కింబర్లైట్ ఉంది. వాన మట్టిని కడిగాక చేలల్లో వజ్రం దొరక్కపోతుందా అని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, తలలు వంచుకుని వెతుకుతారు. ఊళ్లోని రైతులకు అదే వానతో వేరే పని ఉంటుంది. శెనక్కాయ విత్తాలి. దానికి ముందు నేల 'పదును' అయిందో లేదో చూడాలి. పదునంటే కత్తికి ఉండేది ఒక్కటే కాదు, విత్తనం మొలవడానికి నేలలో ఉండాల్సిన తడి కూడా. మాట నిఘంటువులో దొరుకుతుంది. కానీ ఏ నేలలో ఎంత తడిని పదునంటారో, గొర్రు ఎప్పుడు కట్టాలో, గుంటక ఎప్పుడు తోలాలో పిడికెడు మట్టి పిసికి చెప్పగలిగేది మా చిన్నాయన లాంటివాళ్లు. మన పదకోశానికి కావాల్సింది వాళ్లే. మనం బయట నిలబెట్టబోతున్నదీ వాళ్లనే.

చిన్నాయన ఫోన్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ 7. అందులో క్రోమ్ 119 దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే ఆ తర్వాతి వెర్షన్లకు కనీసం ఆండ్రాయిడ్ 8 కావాలి. మా దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. దానికి చివరి క్రోమ్ 109, అది వచ్చింది 2023 జనవరిలో. ఇక్కడ 'అప్‌డేట్ చేసుకోండి' అన్న బోర్డు ఎవరి కోసం? ఎన్నిసార్లు నొక్కినా ఆ అప్‌డేట్ రాదు. కొత్త ఫోన్ కొనుక్కో అని చెప్పడమే అది, కాకపోతే కొంచెం మర్యాదగా. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి మాది. పంట చేతికి రాని ఏడాది ఆ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. అడ్డుపడేది రియల్ టైమ్ అని మనం అనుకుంటున్నాం. నిజానికి అడ్డుపడేది అది కాదు. వెబ్‌సాకెట్ ప్రమాణం 2011 డిసెంబరులోనే వచ్చింది. క్రోమ్ 109కీ తెలుసు, 119కీ తెలుసు. పేజీని ఆపేసేది మనం ఆలోచించకుండా రాసే చిన్న చిన్న లైన్లు. ఉదాహరణకు పదాలను అకారాది క్రమంలో పెట్టడానికి 'టుసార్టెడ్' అని రాస్తాం. ఆ ఫంక్షన్ క్రోమ్‌లోకి వచ్చింది 110లో. జెరాక్స్ షాపులో ఉన్నది 109. ఒక్క వెర్షన్ తేడా! రెండు సెట్లను కలపడానికి 'యూనియన్' వాడితే అది వచ్చింది 122లో, చిన్నాయన ఫోన్ 119 దగ్గరే ఆగింది. ఆ లైన్ దగ్గర స్క్రిప్ట్ ఆగిపోతుంది. పేజీ మొత్తాన్ని జావాస్క్రిప్టే గీయాల్సి ఉంటే మిగిలేది తెల్ల తెర. ఎర్రర్ కన్సోల్‌లో ఉంటుంది, కానీ కన్సోల్ తెరిచి చూసేది మనం, వాళ్లు కాదు. "ఈ సైట్ రాదప్పా" అని ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు. మనకు ఫిర్యాదు కూడా అందదు. అప్పుడు మనం లాగ్‌లు చూసి, పాత బ్రౌజర్ నుంచి ఎవరూ రావట్లేదని సంతోషంగా తీర్మానించుకుంటాం!

మా వైపు ఊళ్లలో బోరుకి మోటారు బిగించి, ట్యాంకు కట్టాక కూడా చేతిపంపు పీకెయ్యరు. కరెంటు ఉంటే మోటారు, లేకపోతే పంపు. కష్టం ఎక్కువే, కానీ బిందె నిండుతుంది. మన సైట్ కూడా ఇలా మూడు మెట్ల మీద నిలబడాలని నా వాదన.

మొదటి మెట్టు మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం. పదం, అర్థం, ఊరు, 'పంపు' బటన్. జావాస్క్రిప్ట్ లేకపోయినా పనిచెయ్యాలి. రెండోది లాంగ్ పోలింగ్. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ కొత్త మార్పు వచ్చేదాకా జవాబు పట్టుకుని కూర్చుని, రాగానే ఇస్తుంది, బ్రౌజర్ మళ్లీ అడుగుతుంది. ఇది నాసిరకం ఏర్పాటేమీ కాదు. నలుగురు కలిసి ఒకే పేజీ రాసుకునే ఈథర్‌ప్యాడ్ 2008లోనే వచ్చింది, అంటే వెబ్‌సాకెట్ ప్రమాణం కంటే మూడేళ్ల ముందు. మన ప్రాజెక్టుల్లో అందరం వాడే సాకెట్ ఐఓ కూడా మామూలుగా ముందు లాంగ్ పోలింగ్‌తో కలిసి, తర్వాతే వెబ్‌సాకెట్‌కి మారుతుంది. ఆ ఏర్పాటుని మనమే సెట్టింగుల్లో ఆపెయ్యకుండా ఉంటే చాలు. మూడో మెట్టు వెబ్‌సాకెట్. కదిలే కర్సర్లు, పేర్లు, రంగులు అన్నీ అక్కడ పెట్టుకోండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచను. కొత్త బ్రౌజర్లో నలుగురు ఒక పదాన్ని క్షణక్షణం దిద్దుతుంటారు. పాత బ్రౌజర్లో ఒకాయన అరగంట కింద తెరిచిన పేజీలో తన అర్థం రాసి 'పంపు' నొక్కుతాడు. సర్వర్ ఆ పాఠాన్ని అలాగే తీసుకుంటే నలుగురి పనీ తుడిచిపెట్టుకుపోతుంది. పాత బ్రౌజర్లు వద్దనేవాళ్ల వాదనల్లో బలమైనది ఇదే. కానీ దీనికి జవాబు ఎప్పటినుంచో ఉంది. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది. అక్కడ ఇద్దరు ఒకే చోట ఒకేసారి మారిస్తే, వెనక భద్రపరిచేవాళ్లకి 'దిద్దుబాటు ఘర్షణ' అని చూపిస్తుంది. రెండు పాఠాలూ ముందుంచి తేల్చుకోమంటుంది. మనమూ ఫారంలో ఒక వెర్షన్ నంబరు దాచిపెడదాం. ఆయన తెరిచినప్పుడు 41, పంపేసరికి 45 అయితే, ఆయన రాసింది పారెయ్యకుండా పక్కన సూచనగా ఉంచుదాం. పైగా మనది నవల కాదు, పదకోశం. పదానికొక ఎంట్రీ కాబట్టి ఇలాంటి ఘర్షణలు అరుదుగానే వస్తాయి.

"ఇద్దరు ముగ్గురం చేసే పని, అన్నీ ఎక్కడ చేస్తాం?" అంటారు. న్యాయమే. అందుకే అన్ని బ్రౌజర్లలో ఒకేలా కనిపించాలని నేను అడగట్లేదు. కర్సర్ కదలకపోతే కదలకపోనీ. పదం చదవగలగాలి, ఒక పదం పంపగలగాలి, పంపింది పోకూడదు. అంతే. "పాత బ్రౌజర్ సురక్షితం కాదు" అన్నదీ నిజమే. ఇది బ్యాంకు సైటయితే నేనూ వేరేగా మాట్లాడేవాణ్ణి. హద్దు ఎక్కడో గీయాలి కాబట్టి నా హద్దు ఇది: కనీసం టీఎల్ఎస్ 1.2తో మన సర్వర్‌తో మాట్లాడలేని బ్రౌజర్‌ని వదిలేద్దాం. 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే సెలవిచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం ప్రత్యేకంగా రాత్రుళ్లు మేలుకోవద్దు, మొదటి మెట్టు తెరుచుకుంటే దానికి అదే చాలు. కానీ ఫోన్ తయారీదారు అప్‌డేట్ ఆపేసినందుకు ఫోన్ కొన్నవాడికి శిక్ష వెయ్యొద్దు.

కాబట్టి డెమోకి ముందు మూడు పరీక్షలు పెడదాం. జావాస్క్రిప్ట్ ఆపి ఒక పదం పంపాలి. క్రోమ్ 109లో తెరిచి అకారాది పట్టిక చూడాలి. టైప్ చేస్తుండగా నెట్ తీసేసి, రెండు నిమిషాలాగి మళ్లీ ఇచ్చి, రాసింది ఉందో లేదో చూడాలి. మూడింటిలో ఏది పోయినా రంగుల కర్సర్లు చూపించి చప్పట్లు కొట్టించుకోవద్దు. మొదటి మెట్టు ఫారం, వెర్షన్ నంబరు పని నాకివ్వండి, నేను చేస్తాను. 'పదును' అన్న ఎంట్రీ మాత్రం ఖాళీగా ఉంచండి. అది రాయాల్సింది మనం కాదు.