ఓకే చీటీని నమ్మకండి

ఈసారి నా తప్పు ఒకటి నేనే చెప్పుకుంటున్నా.

నేను షోలాపూర్‌లో ఒక టవల్ కార్ఖానాలో ఆఫీసు పని చూస్తానని మీకు తెలుసు. ఆర్డర్ కాగితం చదివి, ఏ రంగు ఎన్ని డజన్లో రాసి జాబర్ మామ చేతికివ్వడం నా పనుల్లో ఒకటి. ఆ కాగితం ఒకసారి తప్పు చదివాను. దాంతో నలుగురు నేతగాళ్లు, అంచులు కుట్టే ముగ్గురు అక్కలు రెండు రోజులు ఖాళీగా కూర్చున్నారు. మనది పీస్ రేటు. పని లేకుంటే పగార్ లేదు.

మా ముంబై ఏజెంటు పాతకాలం మనిషి. జేబులో వాట్సాప్ ఉన్నా, ఆర్డర్ మాత్రం చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఫ్యాక్స్‌లోనే పంపుతాడు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఆ మధ్య మా దగ్గర రాగి తీగ తీసేసి ఫైబర్ వేశారు. ఇంటర్నెట్టూ ఫోనూ ఒకటే డబ్బాలోంచి. ఫోన్‌లో మాట బాగానే వినిపించేది గానీ ఫ్యాక్స్ సగంలో తెగిపోయేది. ఫిర్యాదు చేస్తే ఒక పిల్లగాడు వచ్చి మిషన్ సెట్టింగుల్లో ఏదో మార్చాడు. "ఇక చూడండి సార్, ఒక్కటి కూడా ఆగదు" అన్నాడు. నిజమే, ఆ తర్వాత ఒక్కటి కూడా ఆగలేదు.

తర్వాత వచ్చిన ఆర్డర్‌లో తెల్ల టవళ్లు 100 డజన్లు అని చదివాను. మామ దానికి సరిపడా భీమ్ ఎక్కించాడు. నేత అయింది, కుట్టు అయింది, సరుకు పోయింది. మూడో రోజు ఏజెంటు ఫోన్: "తెల్లవి ఇంకా 600 డజన్లు ఏవి?" ఆయన రాసింది 700 అట. గోదాములో తెల్ల నూలు లేదు. సేఠ్ ఏమో ఆ మగ్గాల మీద ఇంకేదీ ఎక్కించొద్దన్నాడు. నూలు వచ్చి, భీమ్ తయారయ్యేసరికి రెండు రోజులు పోయినై.

"ముందు కళ్లద్దాలు మార్చుకో" అని సేఠ్ అందరి ముందే అన్నాడు. నేను ఫైల్ తీసి చూస్తే 100 అనే ఉంది. ఏజెంటును అడిగి అసలు కాగితం ఫోటో తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టాను. అసలు దాంట్లో 7 పైన అడ్డగీత స్పష్టంగా ఉంది. మా ఫ్యాక్స్‌లో ఆ వరుస పైభాగం సన్నగా ఒక పట్టీ మేర ఎగిరిపోయింది. అడ్డగీత పోయిన 7 వట్టి గీతగా, అచ్చం 1 లాగా మిగిలింది. పక్కనున్న సున్నాల తలలు కూడా తెగి ఉన్నాయి. అది నేను చూడలేదు. చూడాల్సింది. ఏజెంటు మిషన్ మాత్రం ఆయనకు 'ఓకే' అని చీటీ ఇచ్చింది.

ఎందుకిట్లా అయిందో తర్వాత తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నా. ఫ్యాక్స్ మిషన్ కాగితాన్ని సన్నసన్న అడ్డగీతలుగా చదివి, వాటిని కూతలుగా మార్చి ఫోన్‌లో పంపుతుంది. రాగి తీగ మీద ఆ కూత తెగకుండా పోయేది. ఇంటర్నెట్ ఫోన్ అయితే శబ్దాన్ని ముక్కలు చేసి, మామూలుగా సెకనుకు 50 ముక్కలు పంపుతుంది. మనం మాట్లాడుకునేటప్పుడు ఒక ముక్క పోయినా చెవి సర్దుకుంటుంది. ఫ్యాక్స్‌కు ఆ సర్దుబాటు చేతకాదు. ముక్క పోతే కాగితం మీద గీతలు పోతాయి.

దీనికి మిషన్‌లోనే ఒక కాపలా ఉంది. ఈసీఎం అంటారు. అది ఉంటే అందుకునే మిషన్ వచ్చినదాన్ని సరిచూసి, చెడిపోయిన ముక్కను మళ్లీ పంపమంటుంది. లైన్ మరీ బాగా లేకుంటే పంపీ పంపీ చివరికి ఆపేస్తుంది. ఆ పిల్లగాడు చేసిందల్లా ఆ కాపలాను తీసేయడం. అది లేకుంటే కొన్ని గీతలు పోయినా మిషన్ పట్టించుకోదు, 'ఓకే' అనేస్తుంది.

ఇది విన్నాక జాబర్ మామ ఒకటే మాట అన్నాడు. "పడుగు పోగు తెగితే మగ్గం ఆగుతది కదరా. మాటిమాటికి ఆగుతుందని ఆ పిన్నులు పీకేస్తే మగ్గం ఉరుకుతది. బట్ట ఏమైతది?" ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు మా దగ్గర ఈసీఎం మళ్లీ పెట్టించాం. మిషన్ వేగం 14,400 నుంచి 9,600కు తగ్గించాం. కాగితం కొంచెం నిదానంగా వస్తుంది, అంతే. కాల్ వెయిటింగ్ తీయించాం, ఎందుకంటే మధ్యలో వచ్చే ఆ బీప్ కూడా ఫ్యాక్స్‌ను చెడగొడుతుంది. ఫోన్ కంపెనీవాళ్లను టి.38 ఉందా అని అడగండి. అది ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపడానికే చేసిన పద్ధతి. కూతను ముక్కలు చేయకుండా, అందులోని సమాచారాన్నే పంపుతుంది. అది లేదంటే, శబ్దాన్ని నొక్కి చిన్నది చేయని జి.711 మీద లైన్ పెట్టమనండి. మాట కోసం బాగా కుదించిన లైన్ మీద ఫ్యాక్స్ నిలవదు.

ఫ్యాక్స్ మన ఇళ్లలో లేదు కదా అనుకోకండి. పీఎఫ్ కాగితమో, దవాఖానా కాగితమో జిరాక్స్ దుకాణం నుంచి ఎప్పుడైనా పంపాల్సి రావచ్చు. అంకె ఉన్నచోట పక్కనే అక్షరాల్లోనూ రాయండి. 'ఏడు వందలు' అని ఉంటే అడ్డగీత పోయినా మాట మిగులుతుంది. మొదటి పేజీ మీద మొత్తం ఎన్ని పేజీలో రాయండి. పంపాక అవతలివాళ్లకు ఫోన్ చేసి అకౌంటు నంబరు, మొత్తం చదివి వినిపించమనండి. ఓకే చీటీ దాచుకోండి గానీ దాన్ని నమ్మకండి. పంపినట్టు అది చెప్తుంది, సరిగ్గా అందినట్టు చెప్పలేదు.

ఇక పగార్ సంగతి. రెండు కాగితాలూ చూపించాక సేఠ్ ఆ రెండు రోజులకు సగం ఇచ్చాడు. మిగతా సగం గురించి నేనూ మామా ఇప్పటికి మూడుసార్లు అడిగాం. అంచులు కుట్టే పెద్దక్క సగం పైసలు లెక్కపెట్టుకుంటూ నన్ను అడిగింది: "మిషన్ తప్పు చేసింది, నువ్వు తప్పు చదివినవు. కోత నాకెందుకు పడ్డది తమ్మీ?"

నా దగ్గర జవాబు లేదు. వచ్చే శనివారం పగార్ రోజు. నాలుగోసారి అడుగుతాం.