మలుపు దగ్గర మొరాయించే జీపీఎస్

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు ముంబయి హైవే పట్టుకుంటే ముత్తంగి తర్వాత వచ్చేది ఇస్నాపూర్ చౌరస్తా. పాశమైలారం పారిశ్రామికవాడకు మలుపు ఇక్కడే. షిఫ్టు మారే వేళ చూడండి... కంపెనీ బస్సులు, కంటైనర్ లారీలు, ట్యాంకర్లు, వాటి సందుల్లోంచి దూరే మోటార్‌సైకిళ్లు! ఆ బండ్లలో చాలావాటికి హ్యాండిల్ మీద ఓ ఫోనో, జీపీఎస్ డబ్బానో బిగించి ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికీ, పార్సిల్ పట్టుకొచ్చిన డెలివరీ బాయ్‌కీ అదే దిక్కు. పారిశ్రామికవాడలో ఏ గేటు చూసినా ఒకేలా ఉంటుంది మరి. సరిగ్గా మలుపు దగ్గరే ‘సిగ్నల్ లేదు’ అందనుకోండి, మనవాడు తల దించి తెర మీద వేలితో పొడుస్తుంటాడు. వెనక సరుకు లారీ. అసలు ప్రమాదం అదీ.

ముందు ఓ సందేహం తీర్చుకుందాం. పోయింది ఏ సిగ్నల్? ఫోన్లో గీతలు పోతే అది టవర్ సిగ్నల్. జీపీఎస్‌కు దానితో పనిలేదు. సిమ్ లేకపోయినా, బ్యాలెన్స్ అయిపోయినా ఉపగ్రహాల మాట అది వినగలదు. కాకపోతే మ్యాపు బొమ్మ ఇంటర్నెట్‌లోంచి రావాలి. చుక్క కదులుతూనే ఉండి, చుట్టూ రోడ్లు లేక తెర బోసిగా కనబడిందంటే తప్పు నెట్‌ది. ఇంట్లో ఉండగానే ఆ ప్రాంతం మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుంటే తీరిపోతుంది. రోడ్లు కనబడుతూ చుక్క మొరాయిస్తేనే ఉపగ్రహాల గొడవ.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కణ్నుంచి అవి పంపే సిగ్నల్ బలం మన ఇళ్లలో ఒకప్పుడు వాడిన బల్బుకు ఖర్చయ్యేపాటిది. అంతదూరం వచ్చేసరికి చుట్టూ ఉండే రేడియో రొద కన్నా కూడా సన్నగిల్లిపోతుంది. అలాంటివి కనీసం నాలుగు ఒకేసారి వినబడాలి. మూడు మనం ఉన్న చోటు తేల్చడానికి, నాలుగోది మన డబ్బాలోని గడియారం తప్పు దిద్దుకోవడానికి. సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది!

ఇంత సన్నని సిగ్నల్‌కు రేకుల షెడ్డు పెద్ద గోడే. షెడ్డు కింద పార్కు చేసి, అక్కడే ఆన్ చేసి, ‘పట్టుకోవడం లేదండీ’ అంటే ఏం లాభం? బండిని ఆకాశం కనబడే చోటికి తెచ్చి నిలపండి. రెండు కంటైనర్ల మధ్య ఇరుక్కున్నప్పుడు చుక్క పక్క రోడ్డు మీదకు దూకుతుంటుంది. సిగ్నల్ ఆ ఇనుప గోడలకు తగిలి చుట్టు తిరిగి రావడమే కారణం. లారీలు కదలగానే సర్దుకుంటుంది. వానకు ప్లాస్టిక్ కవరు తొడిగితే ఫర్వాలేదు, లోపల వెండిరంగు లోహపు పొర ఉన్న సంచి మాత్రం వద్దు. అయస్కాంతం హోల్డరుదీ మరో తంటా. చుక్క సరైన చోటే ఉన్నా బాణం గుర్తు తప్పు దిక్కు చూపిస్తుంది, దిక్సూచి బెదిరిపోయి.

ఇవన్నీ సరిగానే ఉన్నా సిగ్నల్ పోతోందా? అయితే చార్జరును అనుమానించండి. హ్యాండిల్‌కు బిగించే చౌక రకం యూఎస్‌బీ చార్జర్లు, తర్వాత తగిలించుకున్న ఎల్‌ఈడీ లైట్లు కొన్ని రేడియో రొదను వెదజల్లుతాయి. జీపీఎస్ పక్కనే కూర్చుని గోల చేస్తుంటే పాపం దానికి ఉపగ్రహం మాట ఎలా వినబడుతుంది? పరీక్ష తేలికే. చార్జరు వైరు పీకి, లైట్లు ఆపి ఓ ఐదు నిమిషాలు చూడండి. చుక్క కుదురుకుందా, దొంగ దొరికినట్టే. మంచి చార్జరు కొనండి, లేదంటే దాన్ని జీపీఎస్‌కు వీలైనంత దూరంగా బిగించమని మెకానిక్‌కు చెప్పండి. కొత్త డబ్బా కొనడానికి పరిగెత్తేవాళ్లు ముందు ఈ పని చేస్తే బోలెడు డబ్బు మిగులుతుంది.

సెల్ఫ్ కొట్టగానే డబ్బా ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే అది బ్యాటరీ సంగతి. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోతుంది. గతుకుల్లో ఆరిపోతుంటే వైరు వదులైంది. నెలల తరబడి వాడని డబ్బా అయితే మొదటిసారి ఓపిక పట్టాలి. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పట్టిక మొత్తం ఆకాశం నుంచి దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్లు ఆ సమాచారాన్ని నెట్ ద్వారా తెచ్చుకుంటాయి కాబట్టి అంత ఆలస్యం ఉండదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత డబ్బా తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తోందా? నవ్వకండి, దానికీ కారణం ఉంది. జీపీఎస్ వారాల లెక్క 1,024 కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి అలా మారింది. కంపెనీవాళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ దొరికితే ఎక్కించండి. దొరక్కపోతే దాని మీద ఆశ వదులుకోవడమే.

సాయంత్రం పూట మాత్రమే తడబడుతుంటే తప్పు ఆకాశానిది కావచ్చు. మన అక్షాంశాల్లో పొద్దుగూకాక పైనున్న అయనో ఆవరణంలో అలజడి రేగి సిగ్నల్ మినుకుమంటుంది. మార్చి, సెప్టెంబరు నెలలకు అటూ ఇటూ, సూర్యుడు చురుగ్గా ఉండే ఏళ్లలో ఇది ఎక్కువ. సూర్యుడు గరిష్ఠ దశకు చేరుకున్నాడని నాసా 2024 అక్టోబరులో ప్రకటించింది. దీనికి మెకానిక్ దగ్గర మందు లేదు. ఒక్క జీపీఎస్‌నే కాక గ్లోనాస్, గెలీలియో, బైడూలను కూడా వినే ఫోనైతే కొంత నయం. మన నావిక్ ఉందిగా అంటారేమో! 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. మనవాళ్లు ఇంకా కొన్నిటిని పంపాల్సి ఉంది.

చట్టం సంగతీ ఓ మాట. 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బండి నడుపుతూ దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడొచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. తెర చూడటం కన్నా ఒక చెవికి చిన్న ఇయర్‌ఫోన్‌తో మాట వింటే నయమని కొందరంటారు. ట్రాఫిక్ పోలీసులు ఒప్పుకోరు, ఈ విషయంలో నేనూ వాళ్ల పక్షమే. హైవే ఎక్కకముందే మలుపులు రెండుసార్లు చూసుకుని గుర్తుపెట్టుకోవడం మేలు. ఫోను ఖరీదైనదైతే హోల్డరుకు రబ్బరు దిమ్మె కూడా వేయించండి. మోటార్‌సైకిల్ ఇంజిను అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ సంస్థే హెచ్చరించింది.

ఇక సీటు కింద దాచే ట్రాకర్లు. అబ్బాయి నైట్ షిఫ్టుకు వెళ్లాడు, బండి ఇంకా రుద్రారం దగ్గరే ఆగినట్టు చూపిస్తోందని అమ్మలు కంగారుపడుతుంటారు. ట్రాకర్ తన చోటును ఉపగ్రహాల నుంచే తెలుసుకున్నా, మన ఫోనుకు ఆ కబురు చేరవేసేది దానిలోని సిమ్. నెట్‌వర్క్ అందకపోయినా, రీచార్జి గడువు తీరినా చివరిసారి పంపిన చోటే తెర మీద అంటుకుపోతుంది. చుక్క పక్కన ఉండే టైము చూడండి. అది గంట కిందటిదైతే బండి గురించి కాదు, ముందు సిమ్ గురించి వాకబు చేయాలి.