తీగ ఒక్కటే, వరుస తెలియాలి

2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ ఒకే తీగపై ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడింటినీ నెలకు రూ.149కే ఇంటికి చేర్చింది. అలాంటి తీగ కిక్కిరిసినప్పుడు ఏది ముందు పోవాలో తేల్చడమే సేవా నాణ్యత. సినిమా డౌన్‌లోడ్ రెండు సెకన్లు ఆగినా ఎవరికీ నష్టం లేదు. మంగళగిరి ఎయిమ్స్ వైద్యుడితో వీడియోలో మాట్లాడే పల్లె రోగికి ఆ వెసులుబాటు ఉండదు. మాట 150 మిల్లీసెకన్లలోపు అవతలికి చేరితేనే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం. అందుకే డేటా ప్యాకెట్లకు గుర్తు వేసి వరుసలు కట్టే విద్య ఇంజనీరింగ్ సర్టిఫికెట్లకే పరిమితం కాకూడదు. ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్లకూ అందాలి.

బ్యాండ్‌విడ్త్ పెంచితే చాలదా అంటారు. పెంచాల్సిందే. కానీ రద్దీ క్షణాల్లో పుడుతుంది, బఫర్ నిండితే మాట ముక్కలవుతుంది. కొందరికి ముందు దారి ఇవ్వడం నెట్ సమానత్వానికి విరుద్ధమన్న అభ్యంతరం బరువైనదే. అయితే 2018లో కేంద్రం ఆమోదించిన నెట్ సమానత్వ సూత్రాలు వివక్షను నిషేధిస్తూనే సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు వీలిచ్చాయి. ఆ రెంటి మధ్య గీత గుర్తించడానికీ శిక్షణే కావాలి. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నాణ్యతా నిబంధనలు కూడా అమల్లోకి వచ్చాయి. అందుకే ప్రయోగశాలతో కూడిన శిక్షణ తరగతులను రాష్ట్ర ప్రభుత్వం మంగళగిరిలోనే మొదలుపెట్టాలి.