తిమింగలాల పాటను ఒక్క ఏడాది వింటే చాలదు

లక్షద్వీప్ రాజధాని కవరత్తి దగ్గర సముద్రంలో పరిశోధకులు హైడ్రోఫోన్లు, అంటే నీటిలోని శబ్దాలను నమోదు చేసే మైకులు, అమర్చారు. 2018 చివర్లో మొదలైన ఈ పని ఏడాదికి పైగా సాగింది. దివ్య పణిక్కర్, క్యాథలీన్ స్టాఫర్డ్ 2021లో ఫలితాలు ప్రచురించారు. భారత జలాల్లో నీలి తిమింగలం పాట రికార్డు కావడం అదే మొదటిసారి. నైరుతి రుతుపవనాలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో పాట బాగా వినిపించింది.

మంచి ఆరంభమే. అయితే ఆ ఒక్క రికార్డునే అక్కడి సముద్రపు సహజ స్థితిగా లెక్కలోకి తీసుకుంటే పొరపాటు. 2019 మామూలు సంవత్సరం కాదు. హిందూ మహాసముద్రంలో పడమటి వైపు నీరు వేడెక్కి, తూర్పు వైపు చల్లబడే 'డైపోల్' ఆ ఏడాది అసాధారణ స్థాయికి చేరింది. అరేబియా సముద్రంలో తుపాన్లు వరస కట్టాయి. 'మహా' తుపాను లక్షద్వీప్ మీదుగానే వెళ్లింది. నీటి వేడి మారితే తిమింగలాలు తినే రొయ్యల్లాంటి చిన్న జీవుల జాడ కూడా మారుతుంది. మరి అవి ఏటా ఏప్రిల్‌లోనే వస్తాయా, ఆ ఏడాదే అలా వచ్చాయా? ఇంకో నాలుగైదేళ్లు వింటే తప్ప తేలదు.

పడవల్లో వెళ్లి లెక్కపెట్టవచ్చు కదా అంటే, వానాకాలంలో అక్కడ పడవ కదలడమే కష్టం. హైడ్రోఫోన్‌కు ఆ ఇబ్బంది లేదు. బ్యాటరీ ఉన్నంతకాలం రాత్రీపగలూ వింటుంది. దానికీ ఒక లోపముంది. పాడేవి మగవేనని శాస్త్రవేత్తల అభిప్రాయం. తల్లీపిల్లా పాట లేకుండా దాటిపోతే యంత్రానికి అందవు. అక్కడే ట్యూనా వేటకు వెళ్లే ద్వీపవాసుల కళ్లు కావాలి. యంత్రాన్ని దింపడం, తీయడం కూడా వాళ్లకే అప్పగించి ప్రభుత్వం జీతమిస్తే, ఒక ప్రాజెక్టు నిధులు అయిపోయినా పని ఆగదు.

ఇంత తొందర ఎందుకంటే, పెద్ద ఓడల చప్పుడు, నీలి తిమింగలం గొంతు దాదాపు ఒకే తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటాయి. శ్రీలంక దక్షిణ తీరంలో తిమింగలాలు ఎక్కడ మేస్తున్నాయో ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆ సమాచారం చేతిలో ఉండబట్టే 2022లో ఎంఎస్‌సీ అనే నౌకా సంస్థ తన ఓడల దారిని మరింత దక్షిణానికి జరిపింది. మినికాయ్‌కి ఉత్తరాన, తొమ్మిది డిగ్రీల ఛానల్‌లో నడిచే ఓడలను అలా అడగాలన్నా అంత సమాచారమూ ఉండాలి. గ్రేట్ నికోబార్‌లో గలాథియా బే కంటైనర్ ఓడరేవుకు పర్యావరణ అనుమతి కూడా 2022లోనే వచ్చింది. ఓడలు రాకముందు ఆ నీళ్లు ఎలా వినిపించేవో తర్వాత ఎవరూ కొలవలేరు. అక్కడ క్రేన్ల కంటే ముందు హైడ్రోఫోన్లు దిగాలి.