తలిదండ్రుల స్థానము వహించిన పాలకసంఘములు

బిడ్డను కన్నవారినుండి వేఱుచేయు అధికారము రాజ్యమునకు గల అధికారములలో మిక్కిలి కఠినమైనది. బిడ్డ ప్రాణమునకో శీలమునకో అపాయము వాటిల్లినపుడు అది తప్పనిసరి యగుట మేమెఱుగుదుము. కాని తల్లి యధికారమును గైకొన్నవారు తల్లి బాధ్యతను గూడ పూర్తిగా వహింపవలయును. అందు కొంత యుంచుకొని కొంత విడుచుట ధర్మము గాదు. ఈ విషయమున ఇంగ్లండు దేశపు అనుభవము మనవారు శ్రద్ధతో పరిశీలింపదగినది.

1945 జనవరిలో ష్రాప్‌షైర్ కౌంటీయందలి యొక పొలమున డెనిస్ ఓనీల్ అను 12 ఏండ్ల బాలుడు పెంపుడు తండ్రి దెబ్బలకు గుఱియై, తిండిలేక కృశించి మరణించెను. వాని నచట నుంచినది న్యూపోర్టు పురపాలక సంఘము. బాలుడు ఒక సంఘమువాడు. వాడున్న యిల్లు వేఱొక సంఘపు టెల్లలలోనిది. ఇరువురి నడుమ పర్యవేక్షణ లోపించెనని సర్ వాల్టర్ మాంక్టన్ జరిపిన విచారణలో వెల్లడియయ్యెను. 1946లో కర్టిస్ సంఘము తన నివేదికను సమర్పించెను. 1948 నాటి శిశు శాసనము, స్థానిక పాలకసంఘములు ప్రత్యేక శిశు ఉపసంఘములను నెలకొల్పి, శిశు అధికారిని నియమింపవలెనని విధించెను. నేరము జరిగిన పిమ్మట గాని బాధ్యు డెవ్వడో నిర్ణయము కాకుండుట శోచనీయమే. అయినను నిర్ణయము జరిగినది.

అంతటితో చిక్కు తీఱలేదు. 2024 మార్చి నాటికి ఇంగ్లండులో 83 వేలకు పైబడిన బాలబాలికలు పాలకసంఘముల సంరక్షణలో నుండిరి. వీరిలో అధికసంఖ్యాకులు పెంపుడు కుటుంబములలో నున్నవారు. తక్కినవారికై యేర్పడిన శిశుగృహములలో నూటికి 80కి పైగా ప్రైవేటు యజమానుల చేతిలోనికి పోయినవి. పెద్ద సంస్థలు న్యాయమైన పోటీయున్నచో రాదగినదానికంటె హెచ్చు లాభమును గడించుచున్నవనియు, తగిన తావులు చాలక పిల్లలు స్వస్థలములకు దూరముగా పంపబడుచున్నారనియు అచటి పోటీ, విపణుల అధికారసంస్థ 2022లో ప్రకటించెను. వేల్సు ప్రాంతము ఈ లాభమును క్రమముగా తొలగించుటకు 2025లో శాసనమే గావించెను. ప్రైవేటువారెల్లరు నిర్దయులని మేమనము. కాని బిడ్డకు బాధ్యుడు వర్తకుడు గాడు, పాలకసంఘమే. ధనము చెల్లించినంత మాత్రమున ఆ బాధ్యత చేతులు మాఱదు.

బాధ్యత జాఱిపోవు మఱియొక త్రోవ వయస్సు. 18 ఏండ్లు నిండిన దినమున కుమారునికి మూట కట్టియిచ్చి వీథికి పంపు తండ్రి మనలో నుండునా? ఇంగ్లండులో 2000 సంవత్సరపు శాసనము సంరక్షణనుండి వెలువడిన యువజనులకు సలహాదారును ఏర్పఱచెను. 2017 నాటి శాసనము, వారు కోరినచో, 25 ఏండ్ల వఱకు ఆ సాయమును పొడిగించెను.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ శాసనము ప్రతి జిల్లాకును బాలల సంక్షేమ సమితిని విధించినది. 2016 నియమములు 18 ఏండ్లు దాటినవారికి 21 వఱకును, ప్రత్యేక పరిస్థితులలో 23 వఱకును అనంతర సంరక్షణను ఉద్దేశించినవి. కాని శాసనపు 46వ విభాగము, సంస్థను విడుచువారికి ధనసహాయము ‘ఇయ్యవచ్చును’ అనుచున్నది, ‘ఇయ్యవలయును’ అనుటలేదు. ఆ యొక్క క్రియాపదమున నొక యువకుని భవితవ్యమంతయు వ్రేలాడుచున్నది. ‘ఇయ్యవచ్చును’ అన్నచోట నిధులు చాలని యేట ఇయ్యకుండుటయు చట్టబద్ధమే యగును.

పుట్టినదినమునాడును, పెద్దల తిథినాడును అనాథ శరణాలయమునకు ఒక పూట భోజనము పంపు నాచారము మనలో కలదు. అది మెచ్చదగినదే. కాని ఆ పంక్తిలో కూర్చున్న బాలుడు మఱుసటి యేడు ఎచ్చట భుజించునో విచారించువారు అరుదు. వానికి పని నేర్పువారు, గది యద్దెకిచ్చువారు, పూచీపడువారు కావలయును. తమ జిల్లాలో ఏటేట ఎందఱు 18 నిండి బయటికి వచ్చుచున్నారు, వారిప్పు డెచ్చట నున్నారు అని ప్రతి పట్టణపు పెద్దలును అధికారుల నడుగవలయునని మా మనవి. అడుగువారు లేని బిడ్డకు శాసనము కాగితముగానే మిగులును.