ఫార్మాట్ చేశాక మూగబోయిన ల్యాప్‌టాప్‌ను పాత సామాన్లలో వేయొద్దు

కొంచెం పొడుగు పోస్టు. ఓపికగా చదవండి.

మన సంఘం ల్యాప్‌టాప్ గురించి వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ చూస్తున్నాను. బాగా నిదానించిందని మన కుర్రాళ్లు ఫార్మాట్ చేసి విండోస్ 11 కొత్తగా వేశారు. బొమ్మ వస్తోంది, నెట్ వస్తోంది, శబ్దం మాత్రం లేదు. ఒక సర్వీసు దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారట. ఇంకేముంది, పాతది అమ్మేసి కొత్తది కొందాం, తలా ఇంత చందా వేద్దాం అనే మాట బయల్దేరింది. నేను దీనికి ఒప్పుకోను.

నిన్నటిదాకా పాడిన యంత్రం ఫార్మాట్ అయిన గంటకే మూగబోతే, ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌ని. విండోస్‌కీ, లోపలున్న సౌండ్ చిప్‌కీ మధ్య మాట చేరవేసే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. కంపెనీ ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు ఆ మోడల్‌కి తగిన డ్రైవర్లు వేసి ఇస్తుంది. మనం అంతా తుడిచి కొత్తగా వేస్తే అవి కూడా పోతాయి. చాలావాటిని విండోస్ తానే వెతికి తెచ్చుకుంటుంది, కొన్నిటిని తెచ్చుకోదు.

శనివారం హాలుకి వెళ్లి నేనే చూశాను. ముందు ప్రొజెక్టర్ వైరు పీకేశాను. హెచ్‌డీఎంఐ వైరు తగిలించి ఉంటే శబ్దం చాలాసార్లు ప్రొజెక్టర్‌కి వెళ్లిపోతుంది, స్పీకరు పాడైందని మనం అనుకుంటాం. గడియారం పక్కనున్న స్పీకరు గుర్తు నొక్కి, శబ్దం ఎటు పోతోందో చూస్తే అది తేలిపోతుంది. మనది అది కాదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరిస్తే, ‘అదర్ డివైసెస్’ కింద ‘మల్టీమీడియా ఆడియో కంట్రోలర్’ అని పసుపు గుర్తుతో కూర్చుని ఉంది. అంటే పరికరం ఉంది, దాన్ని పలకరించేవాడే లేడు.

ఎవరో అప్పటికే రియల్‌టెక్ డ్రైవర్ వేసి చూశారు, అది ఎక్కలేదు. మదర్‌బోర్డు మీద అనుమానం అక్కడే బలపడి ఉంటుంది. కానీ ఈ మధ్య వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో రియల్‌టెక్ చిప్ నేరుగా విండోస్‌కి కనిపించదు. మధ్యలో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అనే వంతెన ఉంటుంది. దాని డ్రైవర్ ముందు వేయాలి, ఆ తర్వాతే రియల్‌టెక్‌ది. వరుస తప్పితే ‘పరికరం లేదు’ అనే అంటుంది. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు కొట్టి, తయారీ కంపెనీ సైటులోంచి చిప్‌సెట్, స్మార్ట్ సౌండ్, రియల్‌టెక్ మూడూ దించి అదే వరుసలో వేసి రీస్టార్ట్ చేశాను. మోగింది. రూపాయి ఖర్చు కాలేదు.

కొత్తది కొందామన్నవాళ్లని తప్పుపట్టడం లేదు. ఆదివారం తరగతి ఆగిపోతోందన్న బెంగతోనే అన్నారు. ఆ బెంగ నాకూ ఉంది. మన పిల్లలు చెన్నై బడుల్లో తమిళం చదువుతారు. 2006 చట్టం వచ్చాక బడిలో తెలుగుకి దొరికే చోటు ఎంత తగ్గిపోయిందో మీకు చెప్పక్కర్లేదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే మన పిల్లలు ‘గంప’ని ‘కంప’ అని, ‘బాట’ని ‘పాట’ అని చదివేస్తారు. బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఆ తేడా పట్టుబడదు, చెవిన పడాలి. మన పెద్దవాళ్ల చేత చదివించి రికార్డు చేసిన కథలు ఉన్నది అందుకే. రెండు ఆదివారాలు పిల్లలు ఆ కథలు వినలేదు. ఫోన్లో పెట్టొచ్చు కదా అన్నారొకరు. టీచరమ్మ ఫోను ఆవిడతో ఇంటికి వెళ్లిపోతుంది, ల్యాప్‌టాప్ హాల్లో ఉంటుంది. ఈసారి ఇలాగే అయితే రిచీ స్ట్రీట్‌లో కొన్ని వందలకే దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ తగిలించండి. దాని చిప్ దానిలోనే ఉంటుంది, మామూలుగా వేరే డ్రైవర్ అడగదు. తరగతి ఆగదు.

నా ప్రతిపాదన ఇది. కమిటీకి చెప్పకుండా సంఘం యంత్రాన్ని ఎవరూ ఫార్మాట్ చేయొద్దు. చేసేముందు మోడల్ పేరు, సీరియల్ నంబరు హాజరు పుస్తకం అట్ట లోపల రాయాలి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్ లోపలున్న ఫైల్ రిపాజిటరీ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. శబ్దం పోతే డివైజ్ మేనేజర్‌లో ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలాసార్లు దానికదే వెతుక్కుంటుంది. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో వేస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి మాత్రం పోకండి. అవి వేసే చెత్త తీయడానికి మళ్లీ ఫార్మాట్ చేయాల్సి వస్తుంది.

నిజంగా హార్డ్‌వేరే పోయిందా అని అనుమానముంటే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో, ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి చూడండి. అందులో పాట వినిపిస్తే చిప్పూ స్పీకర్లూ బాగున్నట్టే. వినిపించకపోయినా వెంటనే తీర్పు చెప్పలేం గానీ, అప్పుడు దుకాణానికి తీసుకెళ్లడంలో అర్థముంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది కాబట్టి, మన ఇళ్లలోనూ ఈ ఫార్మాట్లు ఇంకా జరుగుతాయి. మీ ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఇలాగే అయితే ఆదివారం పదింటికి హాలుకి తీసుకురండి, చార్జరు మర్చిపోవద్దు.

చందా సంగతి కమిటీ తేల్చాలి. ఇప్పటికే ఇచ్చినవాళ్లు అభ్యంతరం లేదంటే, ఆ డబ్బుతో ఒక మంచి మైకు కొందామంటాను. ఇంకా రికార్డు చేయని పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు.